పిడుదు పార్టీ ప్రాంప్టరు

ఫిబ్రవరి 6

ఒరేయ్ బుంగమూతీ,

పోయిన ఉత్తరంలో పంపిన ఆశీస్సులు ఇంకా మిగిలే ఉంటాయి, ఈసారికి వాటితోనే సర్దుకో. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని మీ ఆఫీసులో నవ్వుతున్నారని రాశావు. నవ్వనీ. ఫోన్లో నాకు మాట తట్టక ఒక్క క్షణం ఆగితే చాలు, నువ్వు "హలో, హలో, అత్తయ్యా, వినపడుతోందా" అని అందుకుంటావు. ఆ గోలకి దొరకబోయిన మాట కూడా పారిపోతుంది. కాగితం హలో అనదు. నేను లేచి వెళ్ళి టీ పెట్టుకుని వచ్చినా ఎక్కడ వదిలానో అక్కడే ఉంటుంది.

అసలు సంగతికి వస్తా. మా ఊళ్ళో ఒక సంఘం పెట్టారు. పిడుదు కరిచి జబ్బుపడ్డవాళ్ళ సంఘం. పశువుల చెవుల్లో, కుక్కల మెడకింద పట్టుకుని ఉంటుందే, నువ్వుగింజంత పురుగు, అదే. పాలావిడ, కరెంటు లైన్‌మన్, దర్జీ కూతురు, ఇంకా కొందరున్నారు. మంగలి షాపుకి సెలవు రోజున అందరూ అక్కడే చేరతారు. మంగలికి ఏ జబ్బూ లేదు, కానీ కుర్చీలున్నాయి. అందుకని అతన్నే అధ్యక్షుణ్ణి చేశారు. ఊరు ఈ సంఘానికి పిడుదు పార్టీ అని పేరు పెట్టింది.

అడిగేది రెండే. మా ఊరి సర్కారు ఆసుపత్రిలో ఈ జబ్బుకి రక్తపరీక్ష ఉండాలి. ఫలానా జబ్బని తేల్చి మందు మొదలుపెట్టే డాక్టరుండాలి. మొదట్లోనే పట్టుకుంటే మాత్రలతో పోతుందట. ఆలస్యమైతే ఒంట్లో కాపురం పెట్టేస్తుంది. దర్జీ కూతురికి కొన్నాళ్ళుగా జ్వరం వచ్చి పోతోంది, మోకాళ్ళు వాచాయి. బడి ఎగ్గొట్టడానికి వేషాలేస్తోందని ఆసుపత్రిలో కసిరి పంపారు. ఆ పిల్లకి బడంటే ప్రాణం.

ఎన్నికల్లో నిలబడ్డ ముగ్గురూ వచ్చే నెల పదహారున మా టౌనుహాల్లో ఒకే వేదిక మీద మాట్లాడతారట. మా సంఘం తరపున ఒకరికి నాలుగు మాటలు చెప్పే అవకాశం ఇస్తారట. ఆ ఒకరు నేనే. "మీరు నాటకాల మనిషి కదండీ" అన్నాడు మంగలి. నాటకాల్లో ఉన్నమాట నిజమే. ఎక్కడున్నానో వాళ్ళకి తెలీదు. పక్క తెర వెనక, ముక్కాలిపీట మీద, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, మాట మరిచినవాళ్ళకి మాట అందిస్తూ ఉన్నాను. ఉద్యోగమంతా ప్రాంప్టరుగానే గడిచింది. జనం ఎదట ఒక్క వాక్యం పలికిన పాపాన పోలేదు. ఆ ముక్క చెప్పేలోపే అందరూ చప్పట్లు కొట్టేశారు. చప్పట్లు నాకు కొత్త. నోరు మూసుకున్నాను.

నువ్వు పనిచేసే లాయరుగారు ఆ ముగ్గురిలో ఒకరు కదా. ఆయన చెవిన ఒక మాట వెయ్యి. ఆయన ముందే ఒప్పేసుకుంటే నేను స్టేజీ ఎక్కక్కర్లేదు. పరోపకారంలో నా స్వార్థం అంత ఉంది.

ఇట్లు,
చప్పట్లకి పడిపోయిన
అత్తయ్య


ఫిబ్రవరి 15

అత్తయ్యా,

ఆశీస్సులు పాతవైనా బాగానే పనిచేస్తున్నాయి. నన్ను ప్రసంగ సలహాదారు అంటున్నారు. చేసేది లాయరుగారి కళ్ళజోడు ఎక్కడుందో చెప్పడం, నీళ్ళసీసా మోయడం. మధ్యలో ఖాళీ దొరికితే ప్రసంగం రాయడం.

నువ్వు చెప్పిన పని అయిపోయింది. భోజనం తరవాత, ఆయన మెత్తగా ఉండే వేళ చూసి మొత్తం చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను, కానీ మధ్యలో తల ఊపారు. మర్నాడే హామీల్లో పెట్టించారు. "పిడుదుల నిర్మూలనకు ఊరూరా మందు పిచికారీ." మీ ఊరి గోడల మీద ఈపాటికి అంటించేసి ఉంటారు. మొదటిది రోడ్లు, ఆఖరిది నీ పిడుదులు. చూసి మురిసిపో.

నా తలనొప్పి వేరే ఉంది. కోర్టులో పొద్దస్తమానం వాదించే మనిషికి వేదిక ఎక్కగానే నోరు పడిపోతోంది. వాక్యం సగంలో ఆగి జనాన్ని చూస్తూ నిలబడతారు. జనం ఆయన్ని చూస్తారు. నేను నీళ్ళసీసా పట్టుకుని ఇద్దర్నీ చూస్తాను. అలాంటప్పుడు నీలాంటి మనిషి పక్కన కూర్చుని ఒక్క మాట అందిస్తే ఎంత బాగుండును అనిపిస్తుంది.

కీళ్ళవాతం తగ్గిందా? రిటైరై ఊరికే కూర్చోకుండా సంఘసేవ పెట్టుకున్నావు. మంచి కాలక్షేపం.

నీ
బుంగమూతి


ఫిబ్రవరి 22

ఒరేయ్ ప్రసంగ సలహాదారూ,

గోడ మీద చూశాను. మురిశాను. మీ పిచికారీ చూసి ఇటికెల బట్టీ ఆయన ఊరుకుంటాడా? ఆయనా అభ్యర్థే కదా. పశువుల డాక్టర్ని వెంటేసుకుని మంగలి షాపు ముందు దిగాడు. ఊళ్ళో కుక్కలన్నిటికీ ఉచితంగా పిడుదులు తీయిస్తానన్నాడు. ఎవరిదో కుక్కని నా చేతిలో పెట్టి ఫొటో తీశారు. ఫొటోలో కుక్క హుందాగా ఉంది. నా సంగతి చెప్పలేను. మూడో అభ్యర్థి, రిటైరైన డ్రిల్లు మాస్టారు, ఆ సాయంత్రమే వచ్చాడు. కీళ్ళ నొప్పులకి వ్యాయామమే మందని అందరిచేతా చేతులు పైకెత్తించాడు. పాలావిడ ఎత్తిన చెయ్యి దించలేక కాసేపు అలాగే కూర్చుంది. పాపం, ఆయన మొహం చూడాలి నువ్వు. తనే వెళ్ళి మెల్లగా దించాడు.

చూశావా, ముగ్గురూ పిడుదు సంగతే చూస్తున్నారు. అది కరిచిన మనిషి సంగతి ఒక్కడికీ పట్టలేదు.

ఇప్పుడు కాలక్షేపం గురించి. నాకున్నది కీళ్ళవాతం కాదురా. నేను ఆ సంఘంలో సేవ చెయ్యడానికి చేరలేదు. నేనూ సభ్యురాలినే. ఆఖరి నాటకంలో పూరిగుడిసె సెట్టు వేశారు గుర్తుందా, దానికి నిజం గడ్డి తెచ్చారు. రెండో అంకంలో నాకు పనిలేదు కదా అని ఆ గడ్డిమోపు మీద కునుకు తీశాను. లేచాక చెవి వెనక ఏదో తగిలితే గోకి పారేశాను. తరవాత జ్వరం, నొప్పులు, ఒళ్ళంతా పచ్చిపుండు. ఒక డాక్టరు గ్యాస్ అన్నాడు. ఒకాయన వయసు అన్నాడు. ఇంకొకాయన, పిల్లల్లేని ఆడవాళ్ళకి ఇలాంటివి తోస్తుంటాయన్నాడు. ఏళ్ళు గడిచాక నగరంలో ఒక చిన్న డాక్టరమ్మ పరీక్ష రాసింది. అప్పటికే నా మాటలు ఎత్తుకుపోవడం మొదలైంది. "తాళంచెవి" అన్న మాట కోసం గుమ్మంలో నిలబడి ఏడ్చానంటే నవ్వుతావు. ఊరందరికీ మాట అందించినదాన్ని, నా నోటికి నేనే అందించుకోలేకపోతున్నాను. మీకెవరికీ చెప్పలేదు. నలభైమంది మాటలు మోసిన మనిషినని గొప్పలు పోయి, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?

సరే, నువ్వు రమ్మన్నావు కాబట్టి మీ లాయరుగారికి అందించడానికి ఒప్పుకుంటున్నాను. చదివి చెప్పడం ఇంకా వచ్చు. బదులుగా ఆయన రక్తపరీక్ష సంగతి పైకి చదవాలి. ఈలోగా నువ్వు నేర్చుకో. వాక్యమంతా అందించకు, మనిషి కంగారుపడతాడు. మొదటి అక్షరం చాలు. అతను ఊపిరి తీసుకునేటప్పుడు అందించాలి, వదిలేటప్పుడు కాదు. గొంతు వాడకూడదు, గాలి వాడాలి. పుస్తకంలో లేని మాట చచ్చినా అందించకూడదు. అందించినట్టు ఎవరికీ తెలియకూడదు, తరవాత చెప్పుకోకూడదు.

కుక్కతో ఫొటో దిగిన
అత్తయ్య


మార్చి 2

అత్తయ్యా,

నీ ఉత్తరం చదివి ఏం రాయాలో తెలీక కాగితాలు చింపుతూ కూర్చున్నాను. కాలక్షేపం అన్నందుకు చెంపలేసుకుంటున్నాను. నాన్నకి చదివి వినిపించాను. "చెల్లెలు నాటకాలన్నీ మానేసి నా దగ్గర మాత్రం నాటకం ఆడింది" అని అటు తిరిగి పడుకున్నారు. అన్నం తినలేదు. నీ మీద కోపం కాదులే. తన మీదే.

ఇంకో చిక్కొచ్చింది. నేను నిన్ను రమ్మనలేదు అత్తయ్యా. ఊరికే మాటవరసకి అన్నాను. నువ్వు ఒప్పుకున్న సంగతి లాయరుగారికి చెబుదామని వెళ్ళేసరికి ఆయన పేపరు చూస్తున్నారు. అందులో నువ్వు, కుక్క, ఇటికెల బట్టీ ఆయన. "మీ అత్తయ్య అవతలి పార్టీ అని నాకు చెప్పలేదేం" అన్నారు. కుక్క నీది కాదని చెప్పాను. ఆయనకి కావలసింది ఆ వివరం కాదు. అప్పట్నించీ నేను గదిలోకి రాగానే మాట మార్చేస్తున్నారు.

అందుకని ఒకటి అడుగుతాను, కాదనకు. పదహారున నువ్వు మాట్లాడకు. లైన్‌మన్ని మాట్లాడమను, పాలావిడని మాట్లాడమను. నువ్వు ఇంట్లో ఉండు. ఇక్కడ నా పరిస్థితి కూడా కొంచెం అర్థం చేసుకో.

నీ
బుంగమూతి


మార్చి 7

గౌరవనీయులైన ప్రసంగ సలహాదారుగారికి,

మీ ఉత్తరం అందినది. మీ పరిస్థితి అర్థమైనది. లైన్‌మన్ మైకు చూస్తే పారిపోతాడు. పాలావిడకి మైకు అక్కర్లేదు కానీ ఎక్కడ ఆపాలో తెలీదు. కనుక నేనే మాట్లాడుచున్నాను.

చదివి చెప్పవచ్చుగా అంటారేమో. నిలబడి, మైకు ముందు, అంతమంది చూస్తుండగా కాగితం మీద అక్షరాలు నాకిప్పుడు ఈదుతున్నాయి. బట్టీ పడుతున్నాను. మంగలి షాపులో రిహార్సలు. రెండు అద్దాల మధ్య కుర్చీలో కూర్చుంటే ముందూ వెనకా నేనే కనిపిస్తాను, ఒక్కరికీ మాట గుర్తుండదు. పాలావిడ ప్రాంప్టింగు చేస్తోంది. నేను ఆగకముందే ప్రసంగమంతా చెప్పేసి, చివర్న తనే చప్పట్లు కొడుతోంది.

అవతలి పార్టీ ఏం మాట్లాడబోతోందో మీ యజమానిగారికి ముందుగా తెలియాలి కదా. అందుచేత నా ప్రసంగం కింద రాస్తున్నాను. భద్రంగా వారికి అందజేయగలరు.

"అయ్యలారా, పిడుదుల్ని చంపుతామన్నారు, సంతోషం. కానీ మేం పిడుదులం కాదు, అవి కరిచిన మనుషులం. మాకు కావలసింది రక్తపరీక్ష, మా ఊళ్ళో, మా ఆసుపత్రిలో. వేషాలు అనకుండా వినే ఒక డాక్టరు. ఎవరు గెలిచినా ఇది చేస్తామని ఈ పిల్ల ఎదట చెప్పండి. నాకు ఆలస్యమైపోయింది. ఇంకా ఈ పిల్లకి కాలేదు."

ఇంతే. దీనికే నా తల ప్రాణం తోకకొస్తోంది. దర్జీ కూతుర్ని నిన్న వాళ్ళ నాన్న భుజాన వేసుకొచ్చాడు.

ఇట్లు,
తమరికి అత్తయ్య వరస అయ్యే ఒకామె


మార్చి 17

ఒరేయ్,

కోపం పోలేదు, కానీ ఇది చెప్పడానికి నాకింకెవరున్నారు?

నిన్న హాలు కిటకిటలాడిపోయింది. మేం ముందు వరస. మీ లాయరుగారు మొదట లేచారు. "మేం గెలిస్తే ఈ ఊరికి మొట్టమొదట తెచ్చేది" అన్నారు. ఆగిపోయారు. పక్క తెర దగ్గర నువ్వు సీసా పట్టుకుని బిగుసుకుపోయావు. ఆయన కళ్ళు అటూ ఇటూ తిరిగి నా మీద ఆగాయి. ఆ చూపు నేనెరుగుదును. ఆ చూపున్న మనిషి ఏ మాట ఇస్తే ఆ మాట పుచ్చుకుంటాడు. నా నోట్లో "రక్తపరీక్ష" సిద్ధంగా ఉంది. నెలరోజులుగా నమిలిన మాట. దానంతటది దొరికి కూర్చుంది. ఆయన ఊపిరి తీసుకున్నారు.

నేను "రోడ్లు" అందించాను.

ఏం చెయ్యను, గోడ మీద మీ హామీల్లో మొదటిది అదే. ఆయన పుస్తకంలో ఉన్న మాట అదే. ఆయన "రోడ్లు" అని అందుకుని ధారగా మాట్లాడేశారు, చప్పట్లు కొట్టించుకున్నారు. పాలావిడ నా తొడ మీద గిల్లింది. ఇంకా నల్లగా ఉంది. ఇంత తెలివితక్కువ మనిషిని ప్రతినిధిగా పంపిన సంఘం ఎక్కడైనా ఉంటుందా?

తరవాత నన్ను పిలిచారు. మెట్లెక్కాను. వెలుతురు మొహం మీద కొడుతుందని తెర వెనక కూర్చున్నవాళ్ళకి తెలీదురా. ఇన్నాళ్ళూ మరిచిపోయినవాళ్ళని లోలోపల ఎంతగా తిట్టుకున్నానో అంతా తిరిగొచ్చి తగిలింది. పిడుదులం కాదు, మనుషులం అనేదాకా బాగానే వచ్చాను. జనం నవ్వారు కూడా. "మాకు కావలసింది" అన్నాను. అంతే. ఇందాక అక్కర్లేనప్పుడు నోట్లో కూర్చున్న మాట, కావలసినప్పుడు లేదు. వెతికాను. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. దర్జీ కూతురు నాన్న ఒళ్ళోంచి నన్నే చూస్తోంది. దిగిపోదామని తిరగబోయి, ఊపిరి తీసుకున్నాను.

"ర" అని వినపడింది.

వెనకనించి. గొంతు లేదు, గాలి. "రక్తపరీక్ష" అన్నాను. మిగతాదంతా దాని వెంట వచ్చేసింది. ఆఖర్న "ఆలస్యమైపోయింది" దగ్గర ఇంకోసారి ఆగాను. మళ్ళీ "ఇం" వచ్చింది. పూర్తి చేశాను. డ్రిల్లు మాస్టారు లేచి దర్జీ కూతురి దగ్గరకి దిగివచ్చి, చేస్తానమ్మా అన్నాడు. అది చూసి బట్టీ ఆయన చేస్తానన్నాడు. అందరూ చూస్తున్నారని మీ లాయరుగారూ అన్నారు. ముగ్గురూ ఒప్పుకున్నారంటే ఎవరూ చెయ్యరని అర్థం, అన్నాడు మా మంగలి.

అందించింది ఆ మైకు సర్దే అతనే అయ్యుంటాడు, వెనక తిరుగుతుంటే చూశాను. రెండోసారి అర క్షణం ఆలస్యమైంది కానీ కొత్తవాడికి ఆ మాత్రం రావడమే ఎక్కువ. నా తరపున అతనికి కృతజ్ఞతలు చెప్పు. నువ్వు మాత్రం, రక్తసంబంధం ఉన్నవాడివి, సీసా పట్టుకుని చూస్తూ నిలబడ్డావు. నన్ను ఇంట్లో ఉండమన్నది ఆ సీసా కోసమేగా. నాకు చాలా కష్టమేసిందిరా.

అత్తయ్య


మార్చి 21

అత్తయ్యా,

మైకు అతనికి నీ కృతజ్ఞతలు చెప్పాను. తెల్లమొహం వేశాడు. నువ్వు మాట్లాడేటప్పుడు అతను బయట సిగరెట్టు కాలుస్తున్నాడట.

తరవాత చెప్పుకోకూడదు అన్నావు. ఇరవైయొకటో తారీకు దాకా ఆగాను, ఇంక నావల్ల కాదు. అందించింది నేనే. నువ్వు కోపంతో రాసి పంపావే ఆ ప్రసంగం, అది లాయరుగారికి ఇవ్వలేదు. జేబులో పెట్టుకుని బస్సుల్లో, బాత్రూములో బట్టీ పట్టాను. నాకు ఇప్పుడు నీకన్నా బాగా వచ్చు. "ర" అందించేటప్పుడు గొంతు వాడకూడదని గుర్తుంది కానీ గుండె ఇంత చప్పుడు చేస్తుందని నువ్వు చెప్పలేదు. రెండోసారి ఆలస్యమైంది కళ్ళు తుడుచుకోవడంవల్ల.

నిన్ను మాట్లాడొద్దన్నది ఉద్యోగం కోసం కాదు. నువ్వు ఆగిపోతే జనం నవ్వుతారు, ఆ నవ్వేవాళ్ళ మధ్య నేను నిలబడాలి, నా వల్ల కాదు అనుకున్నాను. అది అలాగే రాసుంటే సరిపోయేది. ప్రసంగాలు రాసి రాసి సూటిగా రాయడం మరిచిపోయాను.

లాయరుగారి కుర్చీ తెరకి ఆనుకునే ఉంది. ఆయన విన్నారు. మర్నాడు పొద్దున్న, "నాకు మాట ఆగితే సీసా పట్టుకుని నిలబడ్డావు, అవతలివాళ్ళకి మాత్రం అందించావు" అన్నారు. అబద్ధమేం కాదు కదా. కళ్ళజోడు ఎక్కడుందో చివరిసారి చెప్పి వచ్చేశాను. నాన్న తిడతారనుకున్నాను. "చెల్లెలికి అందించావా" అని రెండుసార్లు అడిగి, దగ్గరుండి భోజనం పెట్టించారు.

నిరుద్యోగి
బుంగమూతి


జూన్ 28

ఒరేయ్ బుంగమూతీ,

ఇన్నాళ్ళూ రాయనందుకు తిట్టుకుంటున్నావని తెలుసు. ఖాళీ చేతులతో రాయడం ఇష్టంలేక ఆగాను.

డ్రిల్లు మాస్టారు గెలిచాడన్నది నీకు తెలిసిందే. గెలిచాక మంగలి రోజూ ఆయన గుమ్మంలో కూర్చున్నాడు. గెడ్డం గీస్తూ గుర్తుచేస్తున్నాడట. కత్తి మెడ మీద ఉన్నప్పుడు ఎవరు కాదంటారు? పోయిన సోమవారం ఆసుపత్రిలో వరండా చివర గదిలో పరీక్ష మొదలైంది. వారానికి రెండు రోజులే. ఫ్యాను లేదు, బల్ల ఒక కాలు పొట్టి. నగరంనించి ఆ చిన్న డాక్టరమ్మే వస్తోంది. మొట్టమొదటి రక్తం దర్జీ కూతురిది. ఏడుస్తుందేమోనని నేను చెయ్యి పట్టుకున్నాను. సూది చూసి కళ్ళు తిరిగాయి నాకు. ఆ పిల్లే నాకు నీళ్ళు తాగించింది.

ఆ జబ్బేనని తేలింది. మందు మొదలుపెట్టారు. ఇంకా వేళ మించలేదంది డాక్టరమ్మ. ఈ వారం జ్వరం రాలేదు. నిన్న నడిచి వచ్చి మంగలి షాపు గుమ్మంలో నిలబడి, బడికి ఎప్పుడు పంపుతారని దెబ్బలాడింది. నాది పూర్తిగా పోదట, కొంత సర్దుకుంటుందట. ఆ కొంత చాల్లే.

మా నాటక సమాజంవాళ్ళు మళ్ళీ మొదలుపెడుతున్నారు. ప్రాంప్టరు కావాలని అడిగారు. నావల్ల కాదు, మంచి ఊపిరి ఉన్న కుర్రాడొకడున్నాడు, అర క్షణం ఆలస్యం తప్ప వంక లేదు అని నీ పేరు చెప్పాను. జీతం ఎంతని అడిగి వాళ్ళని ఇబ్బంది పెట్టకు. గడ్డి కనిపిస్తే దాని మీద పడుకోకు.

ఒక సంగతి మిగిలిపోయింది. ఆ రోజు నువ్వు చేసినదానికి నీకు చెప్పాల్సిన మాట ఒకటుంది. పొద్దుట్నించీ వెతుకుతున్నాను. టీ పెట్టుకుని వచ్చాను, రెండుసార్లు. నోటిదాకా వస్తోంది, చేతిదాకా రావడంలేదు. నువ్వు రాగానే నీ ఎదురుగా కూర్చుంటాను. నేను ఊపిరి తీసుకునేటప్పుడు మొదటి అక్షరం అందించు.

నీ
అత్తయ్య